వివక్ష

ముప్పైరెండేళ్ళు తెలుగు పండితుడిగా ఉద్యోగం చేసి 2016లో పదవీవిరమణ పొందినవాణ్ణి. నీకు ఇంగ్లీషు వచ్చునా అని ఎవరైనా అడిగితే ఏమని చెప్పాలో నాకు చాలాకాలం తెలిసేది కాదు. ఇంగ్లీషు దినపత్రిక చదువుతాను. బ్యాంకు నుంచి వచ్చే ఉత్తరం అర్థమవుతుంది. పట్టభద్ర పరీక్షలో ఇంగ్లీషు పత్రం మొదటిసారే గట్టెక్కాను. కాని అరవయ్యో ఏడు వచ్చేదాకా ఎదుటి మనిషితో ఆ భాషలో పట్టుమని నాలుగు వాక్యాలు మాట్లాడి ఎరుగను. చదువు వచ్చి మాట రాకపోవడమనే ఈ విచిత్రమైన స్థితి నా ఒక్కడిదే కాదనీ, మన ఊళ్ళలో పదేళ్ళు ఇంగ్లీషు చదివి బయటపడిన లక్షలాదిమందిదనీ మీకు తెలియనిది కాదు. దాని గూర్చి నాకు తోచిన నాలుగు మాటలు, నా స్వానుభవంతోపాటు, నేను చేసిన ఒక తప్పుతోపాటు, ఇక్కడ వ్రాసుకొంటున్నాను.

మొదట నా సంగతి. 1991లో మా పాఠశాలకు తనిఖీ వచ్చింది. తొమ్మిదవ తరగతికి నేను ఉత్పలమాల లక్షణం చెబుతున్నాను. అధికారి లోపలికి వచ్చి, నల్లబల్ల మీద గురులఘువులు చూచి, ఇంగ్లీషులో ఏదో అడిగారు. ఏం పాఠం చెబుతున్నారని అడిగారు, అంతే. ప్రశ్న నాకు పూర్తిగా అర్థమయింది. జవాబూ తెలుసు. కాని ఆ జవాబును వాక్యంగా కూర్చేటప్పుడు ‘ఐ టీచ్’ అనాలా, ‘ఐ యామ్ టీచింగ్’ అనాలా, ఇంతకుముందే మొదలుపెట్టాను కనుక మరొక రూపం వాడాలా అన్న మీమాంసలో పడ్డాను. నేను వ్యాకరణం చెప్పి బ్రతికేవాణ్ణి. పిల్లల ముందు, అధికారి ముందు, ఏ భాషలోనైనా సరే, అపశబ్దం పలకడం నాకు ప్రాణాంతకంగా తోచింది. అర నిమిషం గడిచింది. ఆయన నవ్వి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం ఉపాధ్యాయుల గదిలో ఒక సహోద్యోగి, “పండితులవారు ఈవేళ మౌనవ్రతం పట్టారట” అన్నాడు. అందరితోపాటు నేనూ నవ్వాను. ఆ తరువాత ఇరవయ్యేడేళ్ళు ఆ వ్రతం విడవలేదు.

ఇంట్లో చాలాకాలం నేను చెప్పుకొన్న సమాధానం ఒకటే: “నాకు ఇంగ్లీషుతో పనిలేదు, అందుకే రాలేదు.” ఇది సగం నిజం. మిగిలిన సగం తెలియడానికి రెండు సంగతులు జరగవలసివచ్చింది. వాటికి ముందు ఈ విషయమై పెద్దలు ఏమన్నారో కొంచెం చెబుతాను. ఉద్యోగం విడిచాక తీరిక దొరికి, ఓపిక పట్టి చదివాను.

రెండవ భాష నేర్చుకొనడంలో తెలివితేటలతోపాటు మనసులోని కోరికకు కూడా గట్టి పాత్ర ఉన్నదని శాస్త్రీయంగా పరిశీలించినవారిలో మొదటివరుసలో నిలిచేవారు కెనడా దేశపు రాబర్ట్ గార్డ్నర్, వాలెస్ లాంబర్ట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు. మాంట్రియల్ నగరంలో ఇంగ్లీషు మాతృభాషగా గల విద్యార్థులు ఫ్రెంచి నేర్చుకొనే తీరును పరిశీలించి 1959లో తమ వ్యాసం ప్రకటించారు. వారు కోరికలను రెండు విధాలుగా విడదీశారు. ఆ భాష మాట్లాడేవారితో కలిసిమెలిసి ఉండాలి, వారి జీవితం తెలుసుకోవాలి అనే కోరిక ఒకటి. ఉద్యోగం రావాలి, పరీక్ష గట్టెక్కాలి, పని గడవాలి అనే కోరిక మరొకటి. మాంట్రియల్‌లో మొదటి కోరిక గలవారే భాషలో ముందున్నారని వారికి తేలింది. అయితే మన దేశానికి వచ్చేసరికి లెక్క మారింది. యాస్మీన్ లుక్మానీ అనే ఆమె బొంబాయిలో మరాఠీ మాట్లాడే పాఠశాల బాలికలను పరిశీలించి 1972లో వ్రాసిన వ్యాసంలో, ఇంగ్లీషువారితో కలిసిపోవాలన్న ఆశ ఆ పిల్లలకు ప్రధానం కాదనీ, బ్రతుకుతెరువు కోసం ఇంగ్లీషు కావాలన్న కోరికే వారి భాషాసామర్థ్యంతో ఎక్కువగా ముడిపడి ఉన్నదనీ చూపించారు. ఇది మనకు తెలిసిన సంగతే. మన పిల్లవాడు ఇంగ్లీషు నేర్చేది లండనువాసితో స్నేహానికి కాదు కదా.

ఆ పైన వచ్చినవారు మరికొన్ని సూక్ష్మాలు చెప్పారు. భయం, సిగ్గు అనేవి ఒక జల్లెడలా అడ్డుపడి, చెవిన పడిన భాషను లోపలికి ఇంకనివ్వవని అమెరికాకు చెందిన స్టీఫెన్ క్రాషెన్ 1980లలో ప్రతిపాదించాడు. 1998లో మెకింటైర్ మొదలైనవారు మరొక మెట్టు ఎక్కి, భాష తెలియడం వేరు, అవకాశం వచ్చినప్పుడు నోరు విప్పడానికి సిద్ధపడడం వేరు అన్నారు. ఈ సంసిద్ధతను వారు ఒక పిరమిడ్‌గా చిత్రించారు. అడుగున మనిషి స్వభావం, సంఘంలో జాతుల మధ్య సంబంధాలు. నడుమ కోరికలు, ఆత్మవిశ్వాసం. పైకొసన, ఈ క్షణాన ఈ మనిషితో మాట్లాడాలనే ఇచ్ఛ. అది చదివినప్పుడు నాకు 1991 నాటి నల్లబల్ల కళ్ళ ముందు మెదిలింది. నాకు భాష ఉన్నది. ఆ పైకొస లేదు.

ఇక్కడ నా పాత చదువు నాకు అక్కరకు వచ్చింది. సంస్కృతంలో ‘సన్’ అనే ప్రత్యయం ఒకటి ఉన్నది. ధాతువు మీద అది చేరితే, ఆ పని చేయాలనే కోరిక అనే అర్థం వస్తుంది. తెలుసుకోవాలనే కోరిక జిజ్ఞాస. త్రాగాలనే కోరిక పిపాస. వినాలనే కోరిక శుశ్రూష. గురువు మాట వినగోరేవాడు గురువును సేవిస్తాడు కనుక ఆ మాటకు సేవ అనే అర్థం స్థిరపడింది. అదే విధంగా ‘వచ్’ ధాతువు మీద సన్ చేరితే వచ్చేది వివక్ష. అంటే పలకాలనే కోరిక. ఈనాటి తెలుగులో వివక్ష అంటే మనిషికీ మనిషికీ తేడా చూపడం. పత్రికలలో రోజూ చూస్తున్నాము. కాని వ్యాకరణం చదువుకొన్నవాడికి దాని మొదటి అర్థం ఇదీ. రెండవ భాష మాట్లాడేవాడికి కావలసింది ఇదే అనిపించింది.

పాణిని ఈ ప్రత్యయానికి ఒక నియమం పెట్టాడు. కోరేవాడూ చేసేవాడూ ఒక్కడే అయి ఉండాలి. దేవదత్తుడు త్రాగాలని దేవదత్తుడే కోరితే పిపాస. దేవదత్తుడు త్రాగాలని యజ్ఞదత్తుడు కోరితే అక్కడ సన్ రాదు. పరీక్ష కోసం వల్లెవేసిన ఈ నియమం ఎంత లోతైనదో నాకు అరవయ్యేళ్ళ తరువాత బోధపడింది. మన ఇళ్ళలో పిల్లవాడు ఇంగ్లీషు మాట్లాడాలని తండ్రి కోరతాడు, తల్లి కోరుతుంది, రుసుము పుచ్చుకొన్న బడి కోరుతుంది. పిల్లవాడి మాటేమిటని ఎవరూ అడగరు. అక్కడ సన్ ఎలా వస్తుంది?

మరొక చమత్కారం చూడండి. ఇంగ్లీషువారు మోటివేషన్ అనేదానికి మనం ‘ప్రేరణ’ అని పేరు పెట్టుకొన్నాము. వ్యాకరణంలో ప్రేరణ అంటే ఒకడి చేత మరొకడు పని చేయించడం. చేయు అన్నదానికి చేయించు, మాట్లాడు అన్నదానికి మాట్లాడించు. సంస్కృతంలో దానికి ప్రత్యయమే వేరు, ణిచ్. కనుక మన బడులన్నీ ణిచ్ మీద నడుస్తున్నాయి, మాట మాత్రం సన్ మీద వస్తుంది. పాత పండితుడి ఛాదస్తమని మీరు నవ్వినా సరే, ఈ తేడాను నేటి శాస్త్రజ్ఞులూ గుర్తించారు. హంగేరీలో పుట్టి బ్రిటన్‌లో అధ్యాపకుడిగా పనిచేసిన జోల్టన్ డోర్న్యెయి 2005లో, నేను ఇటువంటివాణ్ణి కావాలని నాకు నేనే ఊహించుకొనే రూపం వేరు, ఇతరులు నా నుంచి ఆశించే రూపం వేరు అని విడదీసి చెప్పాడు.

అయితే మన పిల్లలకు కోరికే లేదని అనడం అన్యాయం. వారి కోరిక మార్కుల మీద ఉన్నది, మార్కులు వ్రాతకు ఉన్నాయి. నోటి మాటకు పరీక్షలో విలువ ఏపాటిది? ఏ తలుపు తడితే ఆ తలుపే తెరుచుకొంటుంది. పదేళ్ళు ప్రశ్నలకు జవాబులు కంఠస్థం చేసినవాడు పదేళ్ళకు చక్కగా జవాబులు వ్రాయగలుగుతాడు. మాట్లాడలేదని వాణ్ణి నిందించడం, ఈత నేర్పకుండా ఏటి మీద వ్యాసం వ్రాయించి, ఆపైన ఏట్లో దింపి మునిగిపోయాడని కోప్పడడం వంటిది.

ఇక మొదటి సంగతి చెబుతాను.

2018లో నా భార్యకు పిత్తాశయంలో రాళ్ళని హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగింది. పిల్లలు పగలు వచ్చేవారు, రాత్రిళ్ళు నేనే ఉండేవాణ్ణి. రాత్రి పని చేసే నర్సు కేరళ నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయేమో. ఆమెకు తెలుగు లేదు, నాకు మలయాళం లేదు. రెండవ రాత్రి ఒంటిగంట దాటాక మా ఆవిడ నొప్పితో మెలికలు తిరిగిపోయింది. “ఏమండీ, ఎవరినైనా పిలవండి” అన్నది. నేను నడవలోకి పరుగెత్తి ఆ అమ్మాయి ముందు నిలబడ్డాను. ఆ క్షణాన నాకు ఏ క్రియారూపమూ గుర్తుకు రాలేదు, ఏ మీమాంసా లేదు. “సిస్టర్, మై వైఫ్ పెయిన్. టూ మచ్ పెయిన్. హియర్. నైట్ ఫుల్ నో స్లీప్. ప్లీజ్ కమ్” అన్నాను. నా జీవితంలో ఒక అపరిచిత వ్యక్తితో నేను మాట్లాడిన మొదటి ఇంగ్లీషు వాక్యాలు అవే. అందులో ఎన్ని దోషాలున్నాయో తరువాత లెక్కపెట్టుకొన్నాను. ఆ అమ్మాయి ఒక్కటీ లెక్కపెట్టలేదు. వెంటనే వచ్చింది, డాక్టరుకు ఫోను చేసింది, మందు ఎక్కించింది. అరగంటకు మా ఆవిడ కుదుటపడింది.

తెల్లవారుజామున నేను కుర్చీలో కునికిపాట్లు పడుతుంటే ఆ అమ్మాయి వచ్చి, మంచం వంక చూచి, నాకు ధైర్యం చెప్పాలని కాబోలు, తనకు వచ్చిన కాస్త తెలుగూ కూడదీసుకొని, “సార్, అమ్మ నిద్రపోయాడు” అన్నది.

మరొకప్పుడైతే నవ్వేవాణ్ణేమో. ఆ రాత్రి నవ్వు రాలేదు. మలయాళంలో క్రియకు లింగవచనాలతో పనిలేదు. అతడు వచ్చినా, ఆమె వచ్చినా, వారు వచ్చినా క్రియారూపం ఒక్కటే. ఆ భాష నుంచి వచ్చిన పిల్ల మన ‘నిద్రపోయాడు’, ‘నిద్రపోయింది’, ‘నిద్రపోయారు’ అనే మూడింటిలో చెవిన పడినదాన్ని పట్టుకొన్నది. తప్పుకు కారణం ఉన్నది. ఆమె వాక్యం నాకు అమృతంలా వినిపించింది. “థ్యాంక్ యూ అమ్మా” అన్నాను. అన్నానో లేదో, గుండెలో ఏదో గుచ్చుకొన్నది. అచ్చంగా ఇదే తప్పును ఇరవై నాలుగేళ్ళ క్రితం మరొక నోట విన్నాను. అప్పుడు నేను నవ్వాను.

రెండవ సంగతి అది.

1994లో నేను నల్లగొండ జిల్లాలో, చుట్టూ లంబాడా తండాలున్న ఒక పల్లెలో పనిచేస్తున్నాను. తండా బడిలో అయిదు చదివి ఆరవ తరగతికి మా బడికి వచ్చిన ఒక పిల్లవాడుండేవాడు. ఇంట్లో వారిది లంబాడీ భాష. అది హిందీ, రాజస్థానీల కుటుంబానికి చెందినది, మన ద్రావిడ భాషలకు చుట్టం కాదు. మనం మరచిపోతాము కాని, ఆ పిల్లలకు తెలుగు రెండవ భాష, ఇంగ్లీషు మూడవది. ఆ పిల్లవాడు బడికి వచ్చిన కొత్తలో చాలా హుషారుగా ఉండేవాడు. అడిగినదానికీ అడగనిదానికీ చెయ్యెత్తేవాడు. ఒకరోజు వాళ్ళ తల్లి ఏదో పని మీద వచ్చి బడి ఆవరణలో నిలబడితే, వాడు లేచి గట్టిగా, “సార్, మా అమ్మ వచ్చిండు” అన్నాడు. తరగతి గొల్లుమన్నది. నేనూ నవ్వాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. “ఏరా, మీ అమ్మకు మీసాలున్నాయా?” అన్నాను. పిల్లలు మరింత నవ్వారు. ఆ తల్లి బయట నిలబడి, ఎందుకు నవ్వుతున్నారో తెలియక, తానూ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది.

వారం రోజులు పిల్లలు వాణ్ణి ‘మీసాల అమ్మ’ అని పిలిచారు. నాకు తెలుసు, వారించలేదు. ఆ తరువాత వాడు చెయ్యెత్తడం మానేశాడు. అయిదేళ్ళు నా దగ్గర తెలుగు చదివాడు. వ్రాత బాగుండేది, పదవ తరగతిలో తెలుగులో మంచి మార్కులే వచ్చాయి. బుద్ధిమంతుడు, నోట్లో నాలుక లేనివాడు అని నేనే మెచ్చుకొనేవాణ్ణి. ఆ నాలుక ఎక్కడికి పోయిందో నాకు తట్టనే లేదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన తరువాత నాకు ఆ పిల్లవాడి ధ్యాస వదలలేదు. 2019 వేసవిలో ఆ ఊరికి వెళ్ళి వాకబు చేశాను. ఇప్పుడతను బత్తాయి వ్యాపారం చేస్తున్నాడు. తోటలు గుత్తకు తీసుకొని కాయను హైదరాబాదుకూ మహారాష్ట్రకూ పంపుతాడు. నన్ను చూడగానే గుర్తుపట్టి, కాళ్ళకు దండం పెట్టి, తోటలో మంచం వేయించాడు. మేము మాట్లాడుకొంటున్నంతసేపూ అతని ఫోను మోగుతూనే ఉన్నది. తెలుగు, హిందీ, నడుమ కొంత మరాఠీ, ఇంట్లోవాళ్ళతో లంబాడీ, అన్నీ ఏటి ప్రవాహంలా వస్తున్నాయి. “ఇన్ని భాషలు ఎక్కడ నేర్చినవు?” అని అడిగాను.

“మార్కెట్ల సార్. ఆడ తప్పు మాట్లాడితే ఎవరూ నవ్వరు. బేరం తెగాలె గదా.”

నేను వచ్చిన పని చెప్పాను. ఆనాటి సంగతి జ్ఞాపకముందా అని అడిగాను. ఎందుకు లేదు సార్ అని నవ్వాడు. క్షమించమన్నాను. ఒక ఉపాధ్యాయుడు శిష్యుణ్ణి ఆ మాట అడగడానికి ఎంత బలం కూడదీసుకోవాలో అనుభవించినవారికే తెలుస్తుంది. అతను కంగారుపడి, “అట్లనకుండ్రి సార్” అని నా చేతులు పట్టుకొన్నాడు. కాసేపు ఊరుకొని, నిష్ఠూరమేమీ లేకుండా ఇలా అన్నాడు:

“ఆవు వచ్చింది, బర్రె వచ్చింది, కుక్క వచ్చింది అంటరని అప్పుడే నేర్చుకున్న. అయ్య వచ్చిండు అంటరని నేర్చుకున్న. అమ్మ మనిషి గదా సార్, ఆవు లెక్క ‘వచ్చింది’ అని ఎట్లంట అనుకున్న. అందుకనే వచ్చిండు అన్న.”

నాకు నోట మాట రాలేదు. తెలుగులో ఏకవచనంలో స్త్రీ పశుపక్ష్యాదులతో కలిసిపోతుందనీ, బహువచనంలో పురుషులతో చేరుతుందనీ చెప్పే మహన్మహతీ విభాగం ఏళ్ళ తరబడి పాఠం చెప్పినవాణ్ణి. చిన్నయసూరి బాలవ్యాకరణం నాకు కరతలామలకమని గర్వపడినవాణ్ణి. పన్నెండేళ్ళ పిల్లవాడు ఆ విభాగం మీదనే, ఎవరూ చెప్పకుండా, ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాడు. తల్లిని గౌరవించాలని తప్పు పలికాడు. ఎందుకలా అన్నావు నాయనా అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ ఏడాదిలోకెల్లా గొప్ప పాఠం ఆ రోజు జరిగేది. నేను మీసాల గూర్చి అడిగాను.

“నవ్వింది మీరొక్కరే గాదు సార్, అందరూ నవ్విండ్రు” అన్నాడతను నన్ను ఓదార్చడానికి. తరువాత కాయలు కోస్తున్నవారి వంక చూస్తూ, “కాకపోతే మీరు సారు గదా” అన్నాడు.

వివక్ష అనే మాటకు రెండర్థాలని చెప్పాను. ఆ రెండూ ఒకదాన్ని ఒకటి ఎలా చంపుతాయో ఆ బత్తాయి చెట్ల క్రింద నాకు కనిపించింది. వాడిలో పలకాలనే కోరిక కావలసినంత ఉండేది. మా ఊరి పిల్లవాడు అదే తప్పు చేస్తే సరిదిద్దేవాణ్ణి, తండా పిల్లవాడు చేస్తే నవ్వాను. ఈ రెండవ వివక్ష ఆ మొదటి వివక్షను నా తరగతి గదిలో అయిదేళ్ళపాటు నోరెత్తనివ్వలేదు. అధికారి నవ్విన నవ్వుకు నేను ఇరవయ్యేడేళ్ళు మూగవోయి, ఆ నవ్వునే మూడేళ్ళు తిరగకుండా మరొకరి మీద ప్రయోగించాను. నాకు తగిలిన దెబ్బ నాకు ఏమీ నేర్పలేదు.

ఇక్కడ ఒక అనుమానం రావచ్చు. మార్కెట్‌లో అతనికి భాషలు వచ్చింది బ్రతుకుతెరువు కోరిక వల్లనే కదా, మరి నవ్వులతో ఏమి పని అని. అవసరం ఒక్కటే చాలితే, ఆ తనిఖీ రోజున నాకు మాత్రం అవసరం లేదా? అవసరంతోపాటు అతనికి అక్కడ రోజూ వినే అవకాశం దొరికింది, తప్పును పట్టించుకోని మనుషులు దొరికారు, మాట్లాడిన ప్రతిసారీ పని జరిగిందన్న తృప్తి దొరికింది. ఆ తృప్తి మళ్ళీ కోరికను పెంచింది. కోరిక వలన మాట వస్తుందన్నది ఎంత నిజమో, మాట వలన కోరిక పెరుగుతుందన్నదీ అంతే నిజం. పండితులు బీజాంకుర న్యాయమంటారు, విత్తు ముందా చెట్టు ముందా అని. ఏది ముందైనా, మొలకను తొక్కితే రెండూ లేవు.

కోరికలు మొదట ఉన్నట్టే చివరిదాకా ఉంటాయనీ అనుకోనక్కర లేదు. సి.పి. బ్రౌను 1817లో మద్రాసు చేరినప్పుడు తెలుగు నేర్చింది ఉద్యోగ నియమం కొద్దీ. కుంపిణీ కొలువులో పరీక్ష గట్టెక్కాలి. ఆ పని కోరిక కడపకు వచ్చాక ఆరాధనగా మారింది. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించి, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించేదాకా అతణ్ణి నడిపింది ఏ పరీక్షా కాదు. మన గిడుగు రామమూర్తి పంతులుగారి కథ మరీ గొప్పది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, కొండల మీది సవరల భాష నేర్చుకొన్నారు. జీతం పెరగదు, పరీక్ష లేదు, లోకం మెచ్చదు. సవర తెలిసినవారిని ఇంటికి పిలిపించుకొని, వారి మాట విని విని నేర్చారు. వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని తపించారు. 1931లో సవర వ్యాకరణ గ్రంథం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. వారిది ముందు శుశ్రూష, ఆ తరువాత వివక్ష. వినాలనే కోరిక లేనివాడికి పలకాలనే కోరిక ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంకొక ముచ్చట. గిడుగువారిని వ్యావహారిక భాషోద్యమంలోకి దింపిన ప్రశ్న వేసినవాడు కూడా తెలుగు రెండవ భాషగా నేర్చుకొంటున్న ఒక ఇంగ్లీషువాడే. జె.ఎ. యేట్సు అనే పాఠశాలల పరీక్షాధికారి, ఇరవయ్యో శతాబ్దపు మొదటి దశకంలో, పుస్తకంలోని తెలుగు బజారులో ఎందుకు వినబడదని అడిగాడు. నేర్చుకొనేవాడి అమాయకపు ప్రశ్న ఒక భాష చరిత్రనే మలుపు త్రిప్పింది. నా తరగతిలో ఒక పిల్లవాడు అంత మంచి ప్రశ్ననే తన తప్పులో దాచుకొని నిలబడ్డాడు.

తెలంగాణలో 2022–23 విద్యాసంవత్సరం నుంచి ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి నుంచి ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. అది మంచిదా కాదా అన్న చర్చ ఇక్కడ చేయను. తండాలో పుట్టిన పిల్ల ఇంట లంబాడీ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు మోయవలసి వచ్చిందన్నది మాత్రం వాస్తవం. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఒక్కటే. పిల్లవాడు తప్పు పలికినప్పుడు వెంటనే దిద్దకండి. ముందు వాడు చెప్పదలచుకొన్నదానికి జవాబు చెప్పండి. ఆ జవాబులోనే సరైన రూపం ఒకసారి వినబడేటట్టు పలకండి. “మా అమ్మ వచ్చిండు” అంటే, “అమ్మ వచ్చిందా? లోపలికి రమ్మను” అంటే చాలు. పాఠం అయిపోతుంది, ఎవరి తలా వంగదు. ఇంత చిన్న ఉపాయం ముప్పైరెండేళ్ళ ఉద్యోగంలో నాకు తోచకపోవడమే నా బాధ.

నేను ఇప్పుడు నెలకొకసారైనా ఆ తండాకు వెళ్ళివస్తున్నాను. అతని కూతురు ఎనిమిదవ తరగతి చదువుతున్నది. ఆ పిల్లా, దాని స్నేహితులూ నేనూ కూర్చొని ఇంగ్లీషులో మాట్లాడుకొంటాము. నాది అంతంతమాత్రమే కనుక వారికి నా ముందు భయం లేదు. నేను తడుముకొంటే వాళ్ళే మాట అందిస్తారు. దానికి బదులుగా నాకు లంబాడీ నేర్పుతున్నారు. ఆ భాషలో స్త్రీలకూ పురుషులకూ రూపాలు వేరు, ప్రాణం లేని వస్తువులకు కూడా ఆడా మగా తేడా ఉన్నది. మంచం ఆడదో మగదో తెలియక నేను ఏదో ఒకటి అంటాను. పిల్లలు పడీపడీ నవ్వుతారు. మొన్న ఆనాడు కొంగు అడ్డం పెట్టుకొని నవ్విన ఆ తల్లి కూడా, ఇప్పుడు ముసలిదయింది, అరుగు మీద కూర్చొని గట్టిగా నవ్వింది. వాళ్ళు యాడి అని పిలుస్తారు, నేనూ అలాగే పిలుస్తున్నాను.

వాళ్ళ నవ్వు నన్ను నొప్పించదు. ఎందుకా అని ఆలోచించాను. నేను వాళ్ళకు సారును. పీట మీద కూర్చున్నవాణ్ణి చూచి క్రిందివాడు నవ్వితే అది ఆట. క్రిందివాణ్ణి చూచి పీట మీదివాడు నవ్వితే అది శిక్ష. ఇది తెలిసేసరికి నాకు అరవై దాటింది.

ఈసారి వెళ్ళినప్పుడు మంచం సంగతి మళ్ళీ అడగాలి.